సర్దాబులో చికాగో మనిషి

నాగదుర్గ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. గుడ్డు పగలగొట్టేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. నూనె డబ్బా మూత తీశాక వాసన చూడందే బాణలిలో పోసేది కాదు. కోనసీమలో గౌతమి పాయ పక్కనున్న చిన్న లంక ఆమెది. ఊహ తెలిసినప్పట్నుంచీ కొబ్బరి పీచు కొట్టి తాడు పేనింది. ఆ తాడు కొనే షావుకారు చాలా మంచిగా మాట్లాడేవాడు, పిల్లలు కులాసాయేనా అని అడుగుతూనే కాటా దగ్గర చేతివాటం చూపించేవాడు. అప్పట్నుంచీ ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆమె కళ్లు ముందు వాళ్ల చేతుల మీదికి పోయేవి. మొగుడు తునిలో ఇంకో సంసారం పెట్టాక, ఇక ఈ తాడూ వద్దు ఈ కాటా వద్దు అనుకుని కువైట్ వచ్చేసింది.

జాబ్రియాలో లతీఫా అనే ఆవిడ ఇంట్లో వంటకి కుదిరింది. పని చేసే ఇంటి యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలవడం అక్కడి పద్ధతి. మామా నోరు పెద్దదే గానీ మనసు మంచిది. దుర్గ వంట లేకపోతే బాబాకి ముద్ద దిగేది కాదు. అందుకే ఆ కుటుంబం అమెరికా వెళ్లినప్పుడు ఆమెనీ వెంటబెట్టుకుని వెళ్లారు. మొదట చికాగో. అక్కడ మామా తమ్ముడు చదువుకునేవాడు, ఒక వేసవంతా అతని దగ్గరే ఉన్నారు. తర్వాత హ్యూస్టన్. అక్కడ బాబాకి గుండె ఆపరేషన్.

శుక్రవారాలు సెలవు దొరికినప్పుడు ఫర్వానియాలో గోదావరి ఆడవాళ్లుండే గదికి పోయి కూర్చుంటే, అందరూ ఆమెని అమెరికా కబుర్లు అడిగేవాళ్లు.

"చికాగో అంటే ఏం లేదే, ఈ ఫర్వానియానే," అనేది దుర్గ. "ఇల్లు మీద ఇల్లు. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటోళ్ల గిన్నె అందుతాది. మా కిటికీకి ఎదురుగా ఇనప స్తంభాల మీద రైలు పోయేది, అది పోతంటే అలమార్లో కప్పులన్నీ గజగజలాడేయి. ఏ ఏళప్పుడు కిందకి దిగినా జనమే. చలిలో కూడా నడుత్తానే ఉంటారు. నాకు బెంగనిపించలేదు."

"మరి హ్యూస్టనో?"

"అదా! మా జాబ్రియాని పట్టుకుని ఆ కొసా ఈ కొసా సాగదీసి పరిచేసినట్టుంటాది. రోడ్డు దాటాలంటే కారు కావాలి. రెండు మేడల మధ్యన బీడు. మనిషి కనపడడు. ఓ రోజు కొత్తిమీర కోసం నడిచెళ్తంటే పోలీసోడు కారాపి, దారి తప్పేవా అని అడిగేడు. నడుత్తన్నానంటే నమ్మడే! ఊరంతా ఊరిబయటే ఉన్నట్టుంటాది."

ఈ కబురు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పి చెప్పి ఆ రెండు ఊళ్లూ ఆమె సొంత ఆస్తిలాగా అయిపోయాయి.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. తెల్లారేసరికి వీధి చివర ట్యాంకులు. వారాలు గడిచేకొద్దీ దుకాణాలు ఖాళీ అయ్యాయి, రొట్టెల కోసం బారులు తీరాల్సి వచ్చింది. మన వాళ్లు చాలామంది బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయి, అక్కణ్నుంచి విమానాల్లో ఇంటికి చేరారు. దుర్గ పోలేదు. బస్సుకి పేర్లు రాసుకునే మనిషి మరీ మర్యాదగా మాట్లాడాడు, అది ఆమెకి నచ్చలేదు. పైగా బాబా గుండె జబ్బు మనిషి. ఉప్పు తగ్గించి వండడం ఆమెకే తెలుసు. ఇంట్లో ఇంకొక పనిమనిషి డ్రైవరు అన్వర్ బాషా, రాయచోటి వాడు. అతనూ ఉండిపోయాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం బాబా స్నేహితుడు తన కారులో ఒక తెల్లవాణ్ని తీసుకొచ్చాడు. పేరు వాల్టర్ అన్నాడు. మంచినీళ్ల కర్మాగారంలో ఇంజనీరట, అమెరికా వాడట. తెల్లవాళ్లని సైనికులు ఇల్లిల్లూ వెతికి పట్టుకుని బాగ్దాద్ తీసుకుపోతున్న రోజులవి. దాచినవాళ్లకి ఉరి అని రేడియోలో చెప్పారు. బాబా ఒక్క క్షణం ఆలోచించి, ఇంటి కింద ఉన్న నేలగది తలుపు తీశాడు. సర్దాబు అంటారు దాన్ని. పాత సోఫాలూ, తివాచీ చుట్టలూ, పిల్లల సైకిళ్లూ పడేసి ఉండే గది. నేల మట్టానికి సన్నటి కిటికీ ఒకటి.

ఆ తర్వాతి వారంలోనే, తెచ్చి అప్పజెప్పిన స్నేహితుణ్ని సైనికులు పట్టుకుపోయారు. ఇక వాల్టర్ ఎవరో, ఏమిటో చెప్పగలిగినవాడు లేడు. అతను చెప్పుకున్నదే సాక్ష్యం.

భోజనం దించే పని దుర్గది. మొదటి రోజే ఆమెకి ఒక సంగతి తట్టింది. కంచం ముందు పెట్టినా అతను ముట్టుకోలేదు. ఆమె మెట్లెక్కినట్టు చప్పుడు చేసి వంగి చూసింది. అతను కూర వాసన చూస్తున్నాడు. చెంచాతో కెలికి, కొంచెం నాలుక్కి రాసుకుని ఆగాడు. మరునాడు ఆమె ఎదురుగానే, "నువ్వు కూడా తిను," అన్నాడు నవ్వుతూ. విషం పెడతాననుకుంటున్నాడా అని ఒళ్లు మండింది. అతని నవ్వు చూసి అలవాటు ప్రకారం చేతులు చూసింది. చేతులు వెనక పెట్టుకున్నాడు.

ఆమెకి వంటింటి ఇంగ్లీషు వచ్చు. ఒకరోజు పలకరింపుగా అడిగింది.

"మీది అమెరికాలో ఏ ఊరు సార్?"

"చికాగో."

దుర్గకి ప్రాణం లేచొచ్చింది. "నేనూ చూశాను చికాగో! రైలు, జనం, మెట్లు..."

అతను తల అడ్డంగా ఊపాడు. "రైలా? మేం ఎక్కం. మా ఇంటి వెనక మొక్కజొన్న చేలు. పక్కింటాయనతో మాట్లాడాలంటే కారు తియ్యాలి. చాలా ప్రశాంతంగా ఉంటుంది."

దుర్గ కంచం అతని ముందు దించింది.

"మరి హ్యూస్టన్ చూశారా?"

"ఆ, ఒక ఏడాది అక్కడ పని చేశాను. ఊపిరాడదు. మధ్యాహ్నం తిండి వేళకి నేల కింద దారుల్లో జనం ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నడుస్తారు. చీమల పుట్టే అనుకో."

నేల కిందా! పైన అంత బీడు పడి ఉంటే నేల తవ్వుకుని కింద నడిచే వెర్రివాళ్లెవరు? ఆమె మెట్లెక్కి వచ్చేసింది. రెండు ఊళ్లనీ తలకిందులు చేసి చెప్పాడు. ఎవడో చెప్పగా బట్టీపట్టి, మధ్యలో పేర్లు తారుమారు చేసుకున్నట్టుంది.

అన్వర్ బాషా పెరట్లో కారు తుడుస్తుంటే పక్కకి పిలిచింది.

"బాసా, కిందున్నోడు అమెరికావోడు కాడు."

"అట్లంటావేమక్కా? తెల్లగుండాడు గదా."

"తెల్లగుంటే? చికాగోలో రైలెక్కనన్నాడు. ఇంటెనకాల మొక్కజొన్న చేలంట. హ్యూస్టన్‌లో ఇరుకంట! నేను రెండూ చూసొచ్చినదాన్ని. ఆడు ఏ ఒక్కటీ చూళ్లేదు."

బాషా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "యా రష్యావోడో, ఇంగెవడోనేమో. ఇట్లాంటోళ్లని ఇండ్లల్లోకి తోలి, ఎవురెవుర్ని దాచిపెట్టినారో పేర్లు ఎత్తుకొని రమ్మంటాండారంట. ఫర్వానియాలో చెప్పుకుంటాండారు."

"అయితే ఆ తీసుకొచ్చినాయన్ని పట్టించింది..."

"గమ్మునుండక్కా. గోడలింటాయి."

ఆ రోజు నుంచి వాల్టర్ చేసే ప్రతి పనీ దుర్గకి వేరే రకంగా కనిపించింది. రేడియో చెవికి ఆనించుకుంటాడు, ఎవరి మాట కోసం? సోఫా జరిపి కిటికీ కిందికి తెచ్చుకున్నాడు, ఎవరికి కనపడాలని? రొట్టెల బారులో ఆమె నిలబడితే ఒక సైనికుడు అలవాటుగా అడిగేవాడు. "మీ ఇంట్లో ఎంతమంది? విదేశీయులున్నారా?" ఆమె "నేనే విదేశీని" అనేది. అతను నవ్వి ఒక రొట్టె ఎక్కువ ఇప్పించేవాడు. ఎదురింటి హసన్ మాస్టారు కూడా అదే బారులో నిలబడేవాడు. పాలస్తీనా మనిషి, బళ్లో లెక్కలు చెప్పేవాడు. అతనితోనూ ఆ సైనికుడు మాట్లాడేవాడు. ఒకసారైతే మాస్టారి భుజమ్మీద చెయ్యి వేశాడు కూడా. దుర్గ దాన్నీ మనసులో వేసుకుంది.

ఒక పొద్దున ఆ సైనికుడు రొట్టెల సంచి మోసుకుంటూ ఆమెతోబాటు ఇంటి గేటు దాకా వచ్చాడు. వద్దంటే అనుమానం, సరేనంటే భయం. గేటు దగ్గర సంచి అందుకుని అరబ్బీలో షుక్రన్ అని థాంక్స్ చెప్పి పంపేసింది. లోపలికి వచ్చి కిందికి దిగేసరికి వాల్టర్ కిటికీ పక్కన గోడకి అతుక్కుని ఉన్నాడు.

"అతనెవరు? ఏం మాట్లాడావు?"

"మీకెందుకు?" అంది దుర్గ.

ఆ పూట అతను అన్నం అసలు తినలేదు.

ఆమె ఇక ఆగలేక మామాకి అంతా చెప్పేసింది. రైలూ, మొక్కజొన్నా, నేల కింద దారులూ అన్నీ. మామా మొదట కొట్టిపారేసింది గానీ, కాసేపటికి ఆవిడ మొహం కూడా మారింది. స్నేహితుణ్ని పట్టుకుపోయిన సంగతి గుర్తొచ్చి ఉంటుంది. ఇద్దరూ కలిసి సర్దాబులోకి దిగారు. మామా కుర్చీ లాక్కుని కూర్చుని నేరుగా అడిగింది. తనకొచ్చిన ఇంగ్లీషులో అడుగుతూ, జవాబులు అరబ్బీలో దుర్గకి చెబుతూ పోయింది.

వాల్టర్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నుదురు రుద్దుకున్నాడు.

"నేను పుట్టింది చికాగో అంచున, కారులో వెళ్తే గంట పట్టే చిన్న ఊళ్లో. దాని పేరు చెబితే పరాయి దేశంలో ఎవరికి తెలుస్తుంది? అందుకే చికాగో అంటాను. అక్కడ అందరం అలాగే అంటాం. నువ్వు ఉన్నది నడిబొడ్డున. మనిద్దరం ఒకే పేరు చెప్పి రెండు చోట్ల గురించి మాట్లాడుతున్నాం."

"మరి హ్యూస్టన్‌లో నేల కింద జనం?" అడిగింది దుర్గ.

"ఆఫీసులుండే నడిఊళ్లో ఎండ భరించలేక మేడలన్నిటినీ కిందనుంచి దారులు వేసి కలిపేశారు. పైన రోడ్డు మీద పురుగు కనిపించదు. జనమంతా కిందే. మీరు ఆసుపత్రి వైపు ఉండి ఉంటారు, అది అక్కణ్నుంచి దూరం."

మామా తల ఊపింది. "నేను మాత్రం అక్కడ ఆసుపత్రి వరండా తప్ప ఏం చూశాను?" అంది. తర్వాత దుర్గ వైపు తిరిగింది. "నువ్వు కూడా నాతో మీది హైదరాబాద్ అని చెప్పావు. నీ పాస్‌పోర్టు చూసి అడిగితే, ఆ ఊరు ఎన్నడూ చూడలేదన్నావు."

దుర్గకి ఆ మాట సూటిగా తగిలింది. లంక పేరు చెబితే మామాకి ఏం తెలుస్తుందని తనే అలా చెప్పింది. అయినా ఆమె మనసు పూర్తిగా కరగలేదు. అతను తడుముకోకుండా చెప్పాడు. అడుగుతారని ముందే తెలిసి సిద్ధం చేసుకున్నవాడు కూడా అలాగే చెబుతాడు.

బాబా మాత్రం ఒకటే అన్నాడు. "అతను నిజమైనవాడైతే ఇక్కడ అతనికి ప్రమాదం. కాకపోతే మనకి ప్రమాదం. ఎలా చూసినా ఇక్కడ ఉండకూడదు."

సులైబియాలో బాబా పెదనాన్న కొడుకుకి కూరగాయల తోట ఉంది. అక్కణ్నుంచి టమాటాలొచ్చిన ఖాళీ పెట్టెలు పెరట్లో పేరుకుపోయి ఉన్నాయి. వాటిని పికప్పులో వేసుకుని, వాటి అడుగున వాల్టర్‌ని పడుకోబెట్టి తీసుకుపోవాలని నిర్ణయించారు. పట్టపగలే, ఎండ దంచే వేళ. అప్పుడైతే సైనికులు నీడ వదిలి రావడానికి బద్ధకిస్తారు. దుర్గ తనూ వస్తానంది. తోటలో పనివాళ్లకి వండిపెట్టడానికి పోతున్నట్టు చెప్పొచ్చని ఆమె సాకు. నిజానికి అతన్ని కళ్ల ముందు నుంచి వదలడం ఇష్టంలేకే.

పెట్టెల కిందికి దూరేముందు వాల్టర్ ఒకసారి ఆమె వైపు చూశాడు.

సులైబియా మలుపులో చెక్‌పోస్టు. ఒక సైనికుడు నిజంగానే నీడలోంచి లేవలేదు. ఇంకొకడు మాత్రం లేచొచ్చాడు. బండి చుట్టూ తిరిగి పెట్టెల మీద తుపాకి గొట్టంతో కొట్టాడు.

"ఏముంది?"

"ఖాళీ పెట్టెలు. టమాటా తోటకి," అన్నాడు బాషా.

"దించండి."

బాషా స్టీరింగు వదల్లేదు. దుర్గ వెనక అద్దంలోంచి చూసింది. పెట్టెల వరసలో ఒకటి, వాల్టర్ మీద ఆనిన పెట్టె, సన్నగా వణుకుతోంది. ఇంజను ఆపేసి ఉంది. గాలి లేదు. ఆ పెట్టె ఒక్కటే వణుకుతోంది.

వీడు వాళ్ల మనిషే అయితే, వాళ్ల వాళ్లు ఎదురుగా ఉన్నప్పుడు ఇలా వణుకుతాడా? లేచి నిలబడి దుమ్ము దులుపుకోడూ? ఇన్నాళ్లూ తను అనుమానించింది ఒక బెదిరిపోయిన మనిషిని. ఇప్పుడు తన నోట్లోంచి వచ్చే మాట మీద అతని ప్రాణం ఉంది.

ఆమె తలుపు తీసుకుని దిగింది. అరబ్బీలో విసుక్కున్నట్టుగా, "దించితే నువ్వే ఎక్కించాలి. నా నడుం విరిగింది. తోటలో జనం తిండికి చూస్తున్నారు," అంది. అని, బాషా సీటు కింద దాచుకున్న హిందీ పాటల కేసెట్లు తీసి చూపించింది. "ఇవి కావాలా? ఇతగాడు రోజంతా ఇవే వేసి నా తల తింటున్నాడు."

సైనికుడు కేసెట్లు తిప్పి తిప్పి చూశాడు. మొహం విప్పారింది. అన్నీ పట్టుకుని, "యల్లా, రూహ్," అని చెయ్యి ఊపాడు. పొండి అని.

బండి చాలా దూరం పోయాక బాషా తల తిప్పాడు. "నా కేసెట్లన్నీ ఇచ్చేస్తివి గదక్కా," అన్నాడు, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో.

మరునాడు పొద్దున్నే సైనికులు ఇంటి మీదికి వచ్చారు. ముందుగదిలో ఆగలేదు, మేడ మీదికి ఎక్కలేదు. తిన్నగా సర్దాబు తలుపు దగ్గరికే పోయారు. సోఫాలు చీరారు, తివాచీలు విప్పదీసి తొక్కారు. బాబాని చెంప మీద కొట్టి, ఏమీ దొరక్క వెళ్లిపోయారు. మామా మెట్ల మీద కూలబడింది.

చీరిన సోఫాలు సర్దుతుంటే దుర్గకి బుర్ర పని చేసింది. వచ్చినవాళ్లకి సర్దాబు సంగతి తెలుసు, అతన్ని తరలించిన సంగతి తెలియదు. అంటే చెప్పింది వాల్టర్ కాదు, బాషా కాదు. మరి ఎవరు? హసన్ మాస్టారి భుజమ్మీద సైనికుడి చెయ్యి గుర్తొచ్చి, ఆ మాట మామాతో అనేసింది. తన అనుమానమే పనికిమాలినదైనా, ఆ అనుమానం వల్లే అందరూ బతికిపోయారు. ఇది తల్చుకుంటే ఆమెకి సంతోషం కలగలేదు, సిగ్గూ కలగలేదు.

డిసెంబరులో తెల్లవాళ్లందర్నీ వదిలేస్తున్నట్టు రేడియోలో వచ్చింది. వెళ్లేముందు వాల్టర్ ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగి, తోటలో ఎండకి మొహం కమిలి ఉన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, "నేను నిన్ను నమ్మలేదు. సైనికుడు నిన్ను ఇంటిదాకా దిగబెట్టడం చూసి, అమ్మేశావనుకున్నాను," అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నాను," అంది దుర్గ. అతనికి పొయ్యి మీదున్న పప్పూ అన్నం వడ్డించింది. ఈసారి వాసన చూడకుండా తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ అతని కబురు తెలియలేదు.

ఫిబ్రవరి ఆఖరుకి ఇరాక్ సైన్యం పారిపోయింది. పోతూ వాళ్లు తగలబెట్టిన నూనె బావుల పొగకి పగలే చీకటి పడింది. ఆ పొగలోనే వీధుల్లో ఇంకో వెతుకులాట మొదలైంది. సైన్యానికి తొత్తులుగా ఉన్నదెవరు, ఎవరి మీద ఎవరు చెప్పారు అని. వాళ్ల నాయకులు ఇరాక్ వైపు మాట్లాడారని పాలస్తీనా వాళ్లంటే అందరి కళ్లూ ఎర్రబడుతున్న రోజులు. ఒకరోజు తుపాకులు తగిలించుకున్న వీధి కుర్రాళ్లు కొందరు మామా ముందుగదిలోకి వచ్చి కూర్చున్నారు. మామా వంటింట్లోకి కేక వేసింది.

"దుర్గా, ఇలా రా. ఎదురింటి హసన్ సైనికులతో మాట్లాడటం నువ్వు చూశావు కదా. భుజం మీద చెయ్యి వేయించుకున్నాడని నువ్వే నాతో అన్నావు. మన సర్దాబు సంగతి చెప్పింది అతనే. చెప్పు వీళ్లకి."

కుర్రాళ్లు ఆమె వైపు చూశారు. దుర్గ తడిచేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఆ మాట తన నోటి నుంచి వచ్చిందే. నెలల తరబడి లోపల నమ్మినదే. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"మాట్లాడటం చూశాను మామా. రొట్టెల బారులో. అదే సైనికుడు నాతోనూ మాట్లాడాడు, నా సంచి మోసి గేటు దాకా వచ్చాడు. మీరు కిటికీలోంచి చూశారు." ఆమె గొంతు తగ్గించింది. "సర్దాబు సంగతి ఎవరు చెప్పారో నేను చూళ్లేదు. చూడనిది చెప్పను."

"నువ్వు ఎవరి పక్షం?" అన్నాడు ఒక కుర్రాడు.

"ఈ ఇంట్లో వంటమనిషిని," అంది.

మామా కుర్రాళ్లతో, "ఖలాస్. టీ తాగి వెళ్లండి," అంది. ఆ రోజుకి వాళ్లు మాస్టారి గుమ్మం తొక్కలేదు.

అయినా ఆ వేసవిలో హసన్ మాస్టారు కుటుంబంతో అమ్మాన్ వెళ్లిపోవలసి వచ్చింది. బళ్లోకి మళ్లీ తీసుకోలేదు. లారీలో సామాను ఎక్కిస్తుంటే దుర్గ గేటు దగ్గర నిలబడి చూసింది. మాస్టారు ఒక్కడే పరుపు ఈడుస్తున్నాడు. తలెత్తి ఆమెని చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలిసిన చూపే. తన పేరు తుపాకుల వాళ్లకి చేరవేసింది ఈమేనేమో అన్నట్టు ఉంది. కాదని చెప్పొచ్చు. చెప్పినా ఎందుకు నమ్మాలి?

రోడ్డు దాటి వెళ్లి పరుపు రెండో కొస పట్టుకుని ఎత్తింది.